పేరు లేని రోగము

రోగమునకు చరిత్ర యేమని శ్రోతలలో కొందరు సందేహింపవచ్చును. కలదు, కాని దానిని వ్రాయువారు సాధారణముగా నొక తేదీతో ప్రారంభింతురు. ఫలాని సంవత్సరమున ఫలాని పండితుడు ఫలాని కారణమును కనుగొనెను, నాటినుండి చరిత్ర. ఆ తేదీకి పూర్వము ఆ రోగముతోనే పెరిగి, దానితోనే కాపురములు చేసి, దానితోనే గతించిన వేలకొలది జనుల మాట, అంతకుముందు దీని కారణము తెలియకుండెనను నొక్క వాక్యముతో తీరిపోవును. నేనిప్పుడు ప్రసంగింపబూనినది ఆ యొక్క వాక్యమును గూర్చియే. బాధ యున్నది, బాధకు పేరు లేదు. వైద్యునియొద్దకు పోయినచో నాడి చూచును, మందిచ్చును, ఇది యిట్టిదని మాత్రము చెప్పజాలడు. అట్టి స్థితిలో మనుష్యులెట్లు బ్రతికిరి? సమాధానమెట్లు వచ్చెను? వచ్చిన పిమ్మట నేమయ్యెను? ఈ ప్రశ్నలకు మన తెలుగుదేశముననే రెండు తావులు సాక్ష్యమిచ్చుచున్నవి. ఒకటి దర్శి, పొదిలి ప్రాంతము, రెండవది ఉద్దానము. మొదటిదానికి సమాధానము దొరకినది. రెండవది యింకను ఎదురుచూచుచున్నది.

మొదట దర్శి, పొదిలి, కనిగిరి సీమకు పోదము. ఈ తాలూకాలు 1937 నాటికి నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడినప్పుడు అందు చేరినవి. అది మెట్టసీమ. వాన తక్కువ, పారు నీరు అంతకంటె తక్కువ. జొన్నయు సజ్జయు పండించుకొని, నూతి నీరు త్రాగి బ్రతుకు జనులు. ఒంగోలు జాతి యెద్దులు పుట్టిన దేశమునకు ఆనుకొని యున్న సీమ గనుక అచ్చటి రైతునకు గొడ్డును గూర్చి తెలియని సంగతి లేదు. నడక చూచి బలము చెప్పగలడు, పండ్లు చూచి వయస్సు చెప్పగలడు. అట్టి రైతుల కంటికే మొట్టమొదట నీ వింత గోచరించినది. బాగుగా మేసి పెరిగిన యెద్దులు కాళ్లు బిగిసి, కీళ్లు నొచ్చి, అడుగు తీసి అడుగు వేయలేక నిలిచిపోవుచుండెను. మనుష్యులలోను ఇదే రోగమున్నదని వైద్యులు గుర్తించుటకు ఆ తరువాత కొన్ని యేండ్లు పట్టినది.

ఎద్దు కుంటుట కనబడినదే, ఆ యెద్దును తోలు మనుష్యుడు నడుము వంచలేకపోవుట కనబడలేదా యని మీరడుగవచ్చును. కనబడియే యుండును. కాని మనుష్యుని బాధకు మనయొద్ద కారణములు మూటగట్టి సిద్ధముగా నుండును. వయస్సు మీరినదందుము, వాతమందుము, గ్రహచారమందుము, ఏమియు తోచకున్న పూర్వజన్మకర్మమందుము. ఎద్దునకు గ్రహచారము చూచువాడు లేడు. అది నిలిచిపోయినచో దుక్కి నిలిచిపోవును. మరియొక జత కొనవలెనన్న అప్పు చేయవలెను. కావున ఎద్దు విషయమున రైతు కారణమును వెదకినాడు, తన విషయమున ఓర్చుకొన్నాడు. తొందరపడి యిచ్చుకొనిన సమాధానము అసలు సమాధానమునకెంత యడ్డముగా నిలుచునో ఇచ్చట స్పష్టముగా కనబడుచున్నది.

ఆ బాధ యెట్టిదో కొంచెము చెప్పవలసియున్నది. మొదట పండ్లు. పాలపండ్లు ఊడి స్థిరమైనవి మొలచునప్పటికే వానిపై సున్నము చల్లినట్టి మచ్చలుండును. పిదప నవి పసుపువన్నెకు, అటుపిమ్మట గోధుమవన్నెకు తిరుగును. ఎంత తోమినను పోవు. ఊరిలో నందరి పండ్లును అట్లే యుండుటచేత అది రోగమని యెవరును తలపరు. పిల్లకు దూరపుటూరి సంబంధము చూడబోయినప్పుడే అది యొక లోపమని తెలియును. తరువాత ఇరువది ముప్పది యేండ్లు గడచును. అప్పుడు కాలుసేతులలో తిమ్మిరి, నడుములో నొప్పి. ఒక్కొక్క యేడును వెన్నెముక బిగిసి, తుదకు ఒకే కొయ్యవలె నగును. మెడ తిరుగదు. ఆ ప్రాంతమున నేను తిరిగినప్పుడు, ప్రక్కనుండి పిలిచినచో మెడ త్రిప్పక దేహమెల్ల త్రిప్పి చూచు వృద్ధులను చూచితిని. అట్టివారు నేలపై కూర్చుండి భోజనము చేయలేరు. బహిర్భూమికి పోయి కూర్చుండుటయు కష్టమే. ప్రక్కటెముకలు కదలక, ఊపిరి పొట్టతో తీయవలసివచ్చును. కడపట మంచము. మనస్సు మాత్రము తుదివరకు తెలివితోనే యుండును. ఈ కథలో నన్ను మిక్కిలి కలతపెట్టునది యీ కడపటి సంగతియే. తనకేమైనదని యడుగగల తెలివి యున్నది, చెప్పగలవాడు లేడు.

వాతరోగలక్షణములన్నియు నున్న రోగిని వాతరోగి యనిన నాటి వైద్యులను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. తైలములు పూసిరి, కషాయములిచ్చిరి, వాడుకలోనున్న వైద్యమెల్ల చేసిరి. రోగి దేహమునందు వెదకినంతకాలము ఆ రోగకారణము దొరకుటకు వీలు లేదు. అది దేహమునకు వెలుపల, ఊరి నడుమ, అందరును చేదుకొను బావిలో నుండెను. ఆ నీటికి రంగు లేదు, వాసన లేదు, చెడు రుచి లేదు. కాచి త్రాగిన బాగుండునందురా, కాచుటవలన ఆ దోషము తగ్గకపోగా, నీరు ఇగిరినకొలది మరింత చిక్కబడును.

ఆ బావిని అనుమానించుటకు వలసిన తాళపుచెవి వేరొక ఖండమున తయారగుచుండెను. 1901లో ఫ్రెడరిక్ మెకే అను నొక యువ దంతవైద్యుడు అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్సు పట్టణమున వైద్యమారంభించెను. ఆ పట్టణమున పుట్టి పెరిగినవారి పండ్లపై గోధుమవన్నె మచ్చలుండుట చూచి యాతడు నివ్వెరపోయెను. తాను చదివిన గ్రంథములలో దాని యూసు లేదు. ఊరివారినడిగిన, పందిమాంసమెక్కువ తినుటచేతనని యొకరు, పాలు మంచివి కాకపోవుటచేతనని యొకరు చెప్పిరి. చూచితిరా, అచ్చటను మూటగట్టిన కారణములే! 1909లో జి. వి. బ్లాకు అను ప్రఖ్యాత దంతశాస్త్రజ్ఞుడు వచ్చి యాతనితో చేతులు కలిపెను. ఆరేండ్లు ఇరువురును శ్రమించిరి, 1915లో బ్లాకు గతించెను, కారణము తేలలేదు.

1923లో ఐడాహో రాష్ట్రమునందలి ఓక్లీ యను చిన్నయూరినుండి మెకేకు పిలుపు వచ్చినది. అచ్చటి తల్లిదండ్రులు ఒక సంగతి గమనించి యుండిరి. అయిదు మైళ్ల దూరమునుండి యొక వెచ్చని యూటనీటిని గొట్టముద్వారా ఊరికి తెచ్చుకొనిన పిమ్మటనే తమ పిల్లల పండ్లకు మచ్చలు పట్టినవని వారు చెప్పిరి. మెకే ఆ నీటిని పరీక్షించెను. దోషమేమియు కనబడలేదు. అయినను ఆతడు, ఆ గొట్టమును విడిచి వేరొక యూటనీరు త్రాగుడని సలహా చెప్పెను; వారట్లే చేసిరి. కొన్ని యేండ్లలో ఆ యూరి చిన్నపిల్లలకు మచ్చ లేని పండ్లు మొలచినవి. దీనిని శ్రోతలు జ్ఞప్తియందుంచుకొనవలెనని ప్రార్థించుచున్నాను. కారణమేదో తెలియకయే, తల్లిదండ్రుల మాటను నమ్మి, నీరు మార్చిరి, రోగము పోయినది. నీటిలోని దోషమునకు పేరు తెలియుట అటుపిమ్మటనే.

ఆ పేరు దొరకిన తీరును విచిత్రమే. అర్కన్సాసు రాష్ట్రమున బాక్సైటు అను నూరు కలదు. అది అల్యూమినియము కంపెనీ కట్టిన యూరు. అచ్చటి పిల్లలకును ఇవే మచ్చలు. లోకులు అల్యూమినియమునే నిందింతురేమోయను భయముతో కంపెనీ ప్రధాన రసాయనశాస్త్రజ్ఞుడు హెచ్. వి. చర్చిల్ ఆ నీటిని, అంతకుముందెవ్వరును వెదకనంత సూక్ష్మముగా పరీక్షింపించెను. 1931లో తేలినది: అందున్నది ఫ్లోరైడు. చర్చిల్ తానే మొదట నమ్మక, మరల పరీక్ష చేయుడని చెప్పెనట. మెకే ముప్పది యేండ్లు వెదకిన వస్తువు, తమపై నింద రాకుండ జూచుకొనబోయిన వారికి దొరకినది. విజ్ఞానచరిత్రలో ఇట్టివి కొల్లలు. మరుసటి యేడు, అనగా 1932లో, డెన్మార్కు వైద్యులిద్దరు క్రయొలైటు అను ఖనిజమును పొడిచేయు కూలీల యెముకలలో ఫ్లోరైడు చేయు మార్పులను వర్ణించిరి. పండ్లకును ఎముకలకును ఒకటే శత్రువని అప్పుడు తేటపడినది.

ఇక పొదిలికి మరలి రావచ్చును. మద్రాసు చెంత గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటునందు పనిచేయుచుండిన కర్నలు షార్టు, ఆయనతోకూడ మెక్‌రాబర్టు, బర్నార్డు, మన్నాడి నాయరు అను మువ్వురును కలసి, మద్రాసు రాజధానిలో దేశవ్యాధిగా నున్న ఫ్లోరోసిస్ అను విషయమున 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రిసెర్చి పత్రికయందు వ్యాసము ప్రకటించిరి. బర్నార్డు ఎక్సురే శాస్త్రమున నిపుణుడు. మద్రాసులో 1934లో వెలసిన ఎక్సురే వైద్యాలయమునకు ఆయన పేరే పెట్టిరి. ఎక్సురే చిత్రములలో ఈ రోగుల యెముకలు సహజమునకు మించి దట్టమై తెల్లగా కనబడును. కీళ్లను కట్టియుంచు స్నాయువులు సైతము సున్నము పట్టి యెముకవలె నగును. వాతమని పిలువబడినది వాతము కాదని తెలియుటకు ఆ చిత్రమొకటి చాలును. తర్వాత మూడేండ్లకు, 1940లో, సి. జి. పండిత్ మొదలగువారు మరియొక వ్యాసము ప్రకటించిరి. ఒకే విధమైన నీరు త్రాగినను, కడుపునిండ మంచి తిండి లేనివారిని ఈ రోగమెక్కువగా కుంగదీయునని వారు చూపిరి. అనగా బావి యందరిదే యయినను, శిక్ష యందరికి సమానముగా పడలేదు.

ఈ ఫ్లోరైడు ఎవరో కలిపినది కాదు. ఆ సీమకు అడుగున నున్న నల్లరాతిలోను, అభ్రకము వంటి ఖనిజములలోను అది పూర్వమునుండియు కలదు. నీరు రాతిసందులలో చిరకాలము నిలిచినకొలది, అందు క్షారము హెచ్చి సున్నపుపాలు తగ్గినకొలది, ఆ ద్రవ్యము కరగి నీటిలో చేరును. త్రాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించరాదని ప్రపంచారోగ్యసంస్థ నిర్ణయించినది.

కారణము తెలిసినది గదా, ఇక రోగము పోయినదనుకొందుమేని పొరబాటు. బిగిసిన వెన్నెముకను మరల వంచగల మందు లేదు. నీరు మార్చవలెను, మార్చుటకు వేరు నీరుండవలెను. 1955లో సిద్దీఖీ యను వైద్యుడు నల్లగొండ జిల్లాలోని ఈ రోగమును గూర్చి బ్రిటిష్ మెడికల్ జర్నల్ పత్రికలో వ్రాసెను. 1973లో హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి యనువారు, ఫ్లోరైడు సీమలో మోకాళ్లు లోపలికి వంకరపోయిన బాలురను గూర్చి లాన్సెట్ పత్రికలో వ్రాసిరి. ఆ దశాబ్దిలోనే నాగపూరు పరిశోధనాలయమువారు పటికయు సున్నమును కలిపి నీటిలోని ఫ్లోరైడును తీసివేయు పద్ధతిని కనిపెట్టి, దానికి నల్లగొండ పేరే పెట్టిరి. ఒక జిల్లా పేరు ప్రపంచ విజ్ఞానగ్రంథములకు ఎక్కుటకు ఇంతకంటె విచారకరమైన కారణముండదు. ఇంతలో కరవు తీర్చుటకని బోరుబావులు మరింత లోతునకు దిగినవి. లోతునకు దిగినకొలది రాతినీరు పైకి వచ్చినది. కృష్ణ, గోదావరి జలములను ఇంటింటికి తెచ్చు మిషన్ భగీరథ పథకము 2016లో ప్రారంభోత్సవము జరుపుకొనినది. 1937నకును 2016నకును నడుమ డెబ్బదితొమ్మిది యేండ్లు. పేరు తెలిసిన రోగమునకే ఇంత కాలము పట్టిన, పేరు తెలియనిదాని సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

అట్టిదే ఉద్దానపు రోగము. అచ్చటికి పోవుటకు ముందు ఐరోపాలో నొకచోట కొంచెమాగవలెను. ఏలయన దానికి దగ్గరి చుట్టము వంటి రోగమొకటి అచ్చట నుండెను. డాన్యూబు నదిలో కలియు ఏరుల యొడ్డున, బల్గేరియా, సెర్బియా, బోస్నియా, క్రొయేషియా, రుమేనియా దేశముల పల్లెలలో సేద్యము చేసికొను జనులు నడివయస్సున మెల్లమెల్లగా రక్తము క్షీణించి, వన్నె తగ్గి, మూత్రపిండములు ఎండిపోయి మరణించుచుండిరి. ఒక యూరికి వచ్చును, ప్రక్కయూరికి రాదు. ఒక యింట నిద్దరు మువ్వురకు వచ్చును, ఎదురింటికి రాదు. 1950 తరువాతి యేండ్లలో వైద్యులు దానిని గుర్తించి గ్రంథస్థము చేసిరి గాని కారణము చెప్పలేకపోయిరి. నీరనిరి, లోహమనిరి, బూజుపట్టిన ధాన్యమనిరి, వంశమనిరి. 1969లో ఇవిచ్ అను నాతడు గోధుమచేలలో మొలచు నొక కలుపుతీగ గింజలు ధాన్యముతోకూడ పిండిలో కలియుచున్నవని, అదియే విషమని చెప్పెను. ఆ తీగ మనయొద్ద ఈశ్వరి యని పిలుచు తీగ కుటుంబమునకు చెందినది. ఆ మాట చాలకాలము మరుగున పడియుండెను. 1990 ప్రాంతమున బెల్జియము దేశమున దేహము సన్నబడుటకు మూలికామందులు తినిన కొందరు స్త్రీలకు మూత్రపిండములు చెడినవి. ఆ మందులో పొరబాటున కలిసినది ఈ కుటుంబపు మొక్కయే. రెండు రోగముల పోలికను బట్టి మరల వెదకగా, 2007లో గ్రోల్మన్ మొదలగువారు ఆ పల్లెల రోగుల మూత్రపిండములలోనే ఆ విషపు గురుతును చూపగలిగిరి. రొట్టెలోనుండిన కారణము తేలుటకు సుమారు ఏబది యేండ్లు పట్టినదన్నమాట.

ఇక ఉద్దానము. ఉద్యానమను మాటనుండియే ఈ పేరు వచ్చినదని చెప్పుదురు. చూచినవారు ఆ మాట కాదనరు. శ్రీకాకుళపు సముద్రతీరమున కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మొదలగు తావులందు కొబ్బరితోటలు, జీడిమామిడితోటలు, పనసచెట్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఆ చెట్లను కూల్చినప్పుడు ఆ సీమ పేరు దేశమంతట వినబడినది. రోగము పేరుతో వినబడుట అంతకు చాల ముందునుండియు కలదు.

1990 తరువాత విశాఖపట్టణపు మూత్రపిండవైద్యులు, డాక్టరు రవిరాజు మొదలగువారు, తమయొద్దకు వచ్చు రోగులలో ఈ యొక్క సీమవారు మితిమీరి యుండుటను గమనించిరి. లోకమున మూత్రపిండములు చెడుటకు సాధారణ కారణములు రెండు: మధుమేహము, రక్తపుపోటు. వీరిలో పెక్కురకు ఆ రెండును లేవు. మూత్రములో మాంసకృత్తు పోవుటయు స్వల్పము. కావున మామూలు పరీక్షకు అందదు. నొప్పి లేదు, వాపు లేదు. చెట్టెక్కు మనుష్యుడు చెట్టెక్కుచునే యుండును, చేను త్రవ్వువాడు త్రవ్వుచునే యుండును. ఆకలి మందగించి, ఆయాసము పుట్టి వైద్యునియొద్దకు పోవునప్పటికి రెండు పిండములలోను అధికభాగము ఎండియుండును. 2020 ప్రాంతమున ప్రకటితమైన పరిశీలనలనుబట్టి ఆ సీమలో వయోజనులలో సుమారు అయిదుగురిలో నొకరికి మూత్రపిండముల శక్తి తగ్గియున్నదని తెలియుచున్నది.

కారణము? నీటిలోని సిలికా యన్నారు, లోహములన్నారు, పురుగుమందులన్నారు. ఎండలో చెమటోడ్చి, త్రాగవలసినంత నీరు త్రాగక పనిచేయుట యన్నారు. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడారు చెరకుతోటల కూలీలలో ఇట్టి రోగమే కనబడినట్లు 2002లో వైద్యులు ప్రకటించిరి గనుక ఆ యూహకు బలము వచ్చినది. శ్రీలంకలో అనురాధపురము చుట్టుపట్ల వరి పండించు రైతులలోను 1990 తరువాత ఇదే కథ. ఒంటినొప్పులకు అదేపనిగా మ్రింగు మాత్రలన్నారు, వంశమన్నారు. ఒక్కొక్క యూహకు ఒక్కొక్క యడ్డము తగులుచున్నది. ఎండ యనిన, అంత యెండయు అంత శ్రమయు నున్న తక్కిన జిల్లాలలో నిది యేల లేదు? నీరనిన, ఒకే బావి నీరు త్రాగిన యన్నకు వచ్చి తమ్మునికేల రాలేదు? అనేక కారణములు కలసి పనిచేయుచున్నవని చాలమంది పరిశోధకులు నేడు తలంచుచున్నారు. అది నిజమే కావచ్చును. కాని రోగికి ఆ మాట సమాధానమువలె వినబడదు.

ఈ యెదురుచూపు ఎట్లుండునో ఆలోచింపుడు. దర్శిలో రోగికి బాధ యుండెను, పరీక్ష లేకుండెను. ఉద్దానములో పరీక్ష యున్నది, చాలకాలము బాధ లేదు. మూత్రపిండములు శుద్ధిచేయలేక రక్తములో మిగిల్చిన ద్రవ్యమును క్రియాటినిన్ అందురు. వైద్యవిద్యార్థులు నేర్చుకొను నీ మాట ఆ పల్లెలలో అరుగులమీది మాటయైనది. ధాన్యపు ధర యడిగినట్లు నీకెంత యున్నదని యొకరినొకరు అడుగుకొందురు. ఒకటి దాటినదా, రెండు దాటినదా యని లెక్క. ప్లాస్టిక్ సంచిలో పరీక్షల కాగితములు, ఇనుపపెట్టెలో పట్టాకాగితముల ప్రక్కన. పెద్ద కుమారుడు చూపించుకొన్నాడు, చిన్నవాడు చూపించుకొనడు. తెలిసికొని చేయునది యేమున్నదని వాని ప్రశ్న. ఆ ప్రశ్నకు నేను జవాబు చెప్పగలనని చెప్పను గాని, ముందుగా తెలిసినచో నొప్పిమాత్రలు మానవచ్చును, రక్తపుపోటు అదుపులో నుంచుకొనవచ్చును, పిండముల యాయుస్సు కొంత పొడిగింపవచ్చును. ఇంతవరకు వైద్యులు నిశ్చయముగా చెప్పుచున్నారు. ఉద్దానపు పిల్లయనగానే సంబంధము వెనుకకు పోవుటయు కలదు. పండ్లమచ్చ చూచి వెనుకకు పోయిన సంబంధములను తలచుకొనుడు. ఇచ్చట మచ్చ కూడ లేదు, ఊరిపేరే చాలును.

ఇంకొక మాట. ఈ పల్లెలకు ఎన్నో పరిశోధకబృందములు వచ్చినవి. ప్రతిసారియు జనులు చేయి చాచి రక్తమిచ్చిరి, నూతి నీరిచ్చిరి, తాము తిను బియ్యమిచ్చిరి. అట్లు ఇచ్చినవారికి, ఏమి దొరకినదో, ఏమి దొరకలేదో, వారి భాషలో మరల వచ్చి చెప్పుట పరిశోధనలో నొక భాగమని నా దృఢాభిప్రాయము. మీ నీటిలో మేము వెదకినది కనబడలేదని చెప్పుటయు వార్తయే. ఓక్లీ తల్లిదండ్రుల మాటను మెకే వినెను. అది మనకు తెలిసిన కథ. ఉద్దానపు తల్లుల మాటలలో ఏది వినదగినదో ఇంకను మనకు తెలియదు గనుక, అన్నియు వినవలసియున్నది.

ఈ నడుమ కొంత పని జరుగలేదనుట అన్యాయము. ఒకప్పుడు రక్తశుద్ధికి, అనగా డయాలిసిస్‌కు, ఈ రోగులు నూటయేబది కిలోమీటర్లకు మించి ప్రయాణముచేసి విశాఖపట్టణము పోవలసియుండెను. వారమునకు మూడుమారులు, మారునకు నాలుగు గంటలు. కూలి పోవును, తోడు వచ్చినవాని కూలియు పోవును. తరువాత పలాస, సోంపేట, టెక్కలి మొదలగు తావులలో కేంద్రములు వెలసినవి. డయాలిసిస్ రోగులకు నెలకు 10,000 రూపాయల పింఛనును 2019లో ప్రభుత్వము నిర్ణయించినది. 2023 డిసెంబరు 14వ తేదీన పలాసలో మూత్రపిండవ్యాధుల పరిశోధనకేంద్రమును, 200 పడకల ఆసుపత్రిని ప్రారంభించిరి. ఆ దినముననే, హిరమండలము జలాశయమునుండి సుమారు 700 కోట్ల రూపాయల వ్యయముతో ఉద్దానపు గ్రామములకు గొట్టములద్వారా శుద్ధజలము తెచ్చు పథకమును కూడ ప్రారంభించిరి.

నీటి దోషమని రుజువు కాకుండగనే ఇంత ధనము నీటిపై వెచ్చింపవలెనా యని కొందరు ప్రశ్నించిరి. ప్రశ్న సహేతుకమే. కాని ఓక్లీలో గొట్టము మార్చిననాడును రుజువు లేదు. మంచినీరు ఎట్లును కావలసినదే. అది రోగమును మాన్పినచో కారణము తెలిసినట్లు, మాన్పకున్నచో నొక యూహ తగ్గినట్లు. తేడా యొక్కటి కలదు. పిల్లల పండ్లు కొలది యేండ్లలో మొలచి సాక్ష్యము చెప్పినవి. మూత్రపిండములు అంత తొందరగా చెప్పవు. 2023లో అయిదేండ్ల వయస్సున నుండి, ఆ క్రొత్త నీటితోనే పెరుగు కవిటి బిడ్డకు 2058లో నలుబది యేండ్లు వచ్చును. అప్పటికి ఆ బిడ్డ రక్తములో క్రియాటినిన్ ఎంత యుండునో చూడవలెను. ఈ లోపల వాని తాతను, తండ్రిని డయాలిసిస్ కేంద్రమునకు తీసికొనిపోవు బండి వారమునకు మూడుదినములు తెల్లవారకమునుపే బయలుదేరుచున్నది.